ఆఖరి కుళాయి దగ్గర కొలవండి, రోజూ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

వాంతులు, విరేచనాలు వానాకాలం జబ్బులని మనకో నమ్మకం. గుంటూరు ఆనందపేట పరిసరాల్లో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయింది 2018 మార్చిలో. అదే గుంటూరు మళ్లీ ఆ బాధ పడింది 2024 ఫిబ్రవరిలో. ఆ ఏడాదే వేసవి చివర విజయవాడ మొగల్రాజపురం వంతు వచ్చింది. ఇవేవీ ముసురు పట్టిన రోజులు కావు. 2025 సెప్టెంబరులో విజయవాడ న్యూ రాజరాజేశ్వరిపేట జనం ఆసుపత్రుల పాలైనప్పుడు మాత్రం వానలున్నాయి. ఎండల్లోనూ వానల్లోనూ వచ్చే జబ్బుకు కారణం ఆకాశంలో వెతికితే దొరకదు. ముందుగా చూడాల్సింది తాగే నీళ్లు వచ్చే దారిని.

మేం తాగునీటి సరఫరా, ప్రజారోగ్యం పనులు తెలిసినవాళ్లం. ఈ జబ్బు నీటిలోకి ఎలా చేరుతుందో, చేరేటప్పుడు ఏ గుర్తు కనిపిస్తుందో, ఆ గుర్తును ఐదు నిమిషాల్లో ఎలా పట్టుకోవచ్చో శాస్త్రం ఎప్పుడో తేల్చింది. కావలసిన సామాను ఖరీదైనదీ కాదు, అరుదైనదీ కాదు. లేనిదల్లా ఒక్కటే: కుళాయి నీటిలో క్లోరిన్ అంకె ఇంతకు పడిపోతే ఎవరు, ఎన్ని గంటల్లోగా, ఏం చేసి తీరాలో ముందే రాసిపెట్టుకోవడం. అది లేకపోతే రిజిస్టర్లో ఎన్ని అంకెలున్నా విధానం ఉన్నట్టు కాదు.

ముందు పైపు సంగతి. మన ఊళ్లలో చాలా పేటల్లో కుళాయి రోజంతా రాదు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. నీళ్లు వస్తున్నంతసేపు లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి పైపుకు చిల్లుంటే నీళ్లు బయటికి కారతాయి. వాల్వు కట్టేశాక పల్లంలో ఉన్న కుళాయిల్లోంచి మిగిలిన నీళ్లు జారిపోతాయి. మెరక మీది పైపు ఖాళీ అవుతుంది, లోపల పీల్పు పుడుతుంది. అప్పుడు అదే చిల్లు బయటి నీటిని లోపలికి లాగుతుంది. చిల్లు సైడు కాలువలో మునిగి ఉంటే వచ్చేది మురుగే. విజయవాడ కొండవాలు ఇళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. మోటారు ఆగగానే పైనున్న నీళ్లన్నీ కిందికి దిగిపోతాయి. ఇక ధార సరిపోవడం లేదని ఇంటి కనెక్షన్‌కే నేరుగా మోటారు బిగిస్తే, నీళ్లు వస్తున్న సమయంలో కూడా పైపులో పీల్పు పుట్టవచ్చు. ఒక ఇంటి మోటారు లాగిన మురుగు పది ఇళ్ల బిందెల్లో పడుతుంది. ఎండాకాలంలో సరఫరా గంటలు తగ్గుతాయి, పైపు ఖాళీగా ఉండే గంటలు పెరుగుతాయి, మోటార్లూ పెరుగుతాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా జబ్బు రావడంలో వింతేమీ లేదు.

ఏ పాత పేటలోనైనా ఒక సందులో పది నిమిషాలు నిలబడి చూడండి. రోడ్డు కింద మెయిన్ పైపు ఉంటుంది. దాని నుంచి ఫెర్రూల్ (మెయిన్ పైపుకు ఇంటి కనెక్షన్ తగిలించే బిగింపు) దగ్గర విడిపోయిన అరంగుళం జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు సైడు కాలువ గోడను పొడుచుకుని, నల్లటి నీటి మధ్యనుంచి అవతలి గోడలోకి దూరుతుంది. ఒకే చోట పక్కపక్కన అయిదారు పైపులు. వాటికి పాలిథిన్ సంచులు, గుడ్డపీలికలు చుట్టుకుని కాలువకు చిన్న అడ్డుకట్ట తయారవుతుంది. పూడిక తీసే కార్మికుడు ఆ చెత్తను పారతో లాగుతాడు, రాకపోతే గునపంతో పొడుస్తాడు. తుప్పు తిని పల్చబడ్డ పైపుకు ఆ పోటు చాలు. తర్వాత ఎవరో ఒకరు దాని మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టుతీగతో బిగిస్తారు. నీళ్లు వచ్చే గంటసేపు కారలేదు గనుక బాగుపడిందనుకుంటారు. ఆ కట్టు ఏ రోజు వదులైందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది మురుగులో మునిగి ఉంది.

తాగునీటి మెయిన్ పైపుకూ మురుగు లైనుకూ మధ్య అడ్డంగా కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలని, అంత చోటు లేకపోతే మంచినీటి పైపు అడుగు మురుగు పైపు నెత్తికంటే కనీసం అర మీటరు పైన ఉండాలని కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజినీరింగ్ సంస్థ మాన్యువల్ చెబుతుంది. ఇరుకు సందుల్లో 3 మీటర్లు కుదరదని మాకూ తెలుసు. ఇంటి కనెక్షన్‌ను కాలువ నీటిలోంచి పైకి లేపి, కాలువ మూత కింద పెద్ద పైపు తొడుగులో నుంచి దాటించడం మాత్రం కుదురుతుంది. జీఐ బదులు అతుకులు లేని ఎండీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) పైపు వేస్తే తుప్పు గొడవా ఉండదు. సిమెంటు రోడ్డు వేసే ముందే ఈ పని అయిపోవాలి. రోడ్డు పోశాక మళ్లీ తవ్వడానికి ఎవరికీ చేతులు రావు.

అన్ని పైపులూ ఒక్క ఏడాదిలో మార్చలేరు. అంతవరకూ మనల్ని కాచేది క్లోరిన్. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతున్నాయి.

నీటిలో వేసిన క్లోరిన్‌లో కొంత మట్టి మీద, కుళ్లిన పదార్థం మీద, ఇనుము మీద, క్రిముల మీద ఖర్చయిపోతుంది. ఖర్చులు పోగా మిగిలిందే మిగులు క్లోరిన్, ఇంజినీర్లు రెసిడ్యువల్ క్లోరిన్ అనేది. నీళ్లు ట్యాంకు వదిలాక దారిలో ఏదైనా కలిస్తే దాన్ని ఎదుర్కొనేది ఇదే. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటి సవరణ ప్రకారం ఇది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వైరస్‌ల నుంచి కాపుదల కావాలంటే 0.5 ఉండాలి. అది కూడా నీటితో అరగంట కలిసి ఉన్న తర్వాత. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సంగతీ చూడాలి. 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం బలమైన రూపంలో ఉంటుంది, 8.5కు చేరితే పదో వంతే మిగులుతుంది. నీళ్లు మడ్డిగా ఉంటే క్రిములు మట్టి రేణువుల వెనక దాక్కుంటాయి. అందుకే నీటిని వడకట్టే ఫిల్టర్ బెడ్డు సరిగా కడగని రోజున ఎంత క్లోరిన్ వేసినా లాభం తక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. మురుగులో అమ్మోనియా ఉంటుంది. అమ్మోనియా రూపంలో ఉన్న ఒక మిల్లీగ్రాము నత్రజని ఎనిమిది నుంచి పది మిల్లీగ్రాముల క్లోరిన్‌ను మింగేస్తుంది. కాబట్టి చిటికెడు మురుగు కలిసినా ఆ వీధి కుళాయిలో క్లోరిన్ ఒక్కసారిగా పడిపోతుంది. నిన్న 0.4 ఉన్న చోట ఇవాళ సున్నా వచ్చిందంటే, ట్యాంకులో బాగానే ఉందంటే, దారిలో ఎక్కడో పైపు మురుగు తాగుతోందన్న మాట. క్రిముల పరీక్ష ఫలితం రావడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. కలరా క్రిమి కడుపులోకి చేరాక కొద్ది గంటల నుంచి ఐదు రోజుల్లో జబ్బు చేస్తుంది. ల్యాబు కాగితం కోసం కూర్చుంటే జబ్బు మనకంటే ముందు పరిగెడుతుంది. క్లోరిన్ సున్నా అయిన క్షణమే మనకు అందే మొదటి హెచ్చరిక.

ఈ హెచ్చరిక చేతికి రాకపోవడానికి కారణం కొలిచే చోటు. ఓవర్‌హెడ్ ట్యాంకు కింద, పంపుహౌస్ దగ్గర కొలిస్తే 1 వస్తుంది, రిజిస్టర్‌లో అదే ఎక్కుతుంది. అక్కడ ఉండాల్సిందే, అక్కడ కొలవాల్సిందే. కానీ జనం తాగేది అక్కడ కాదు. ప్రతి వాల్వు కింద మూడు కుళాయిలు ఎంచుకోవాలి: ట్యాంకుకు దగ్గరది, బాగా మెరకన ఉన్నది, లైను చిట్టచివరిది. నీళ్లు వదిలిన మొదటి ఐదు నిమిషాల్లో ఒకసారి, ఇరవై నిమిషాల తర్వాత ఒకసారి కొలవాలి. రాత్రంతా పైపు పీల్చుకున్న మురుగు మొదటి నీళ్లలోనే ఉంటుంది. ఇరవై నిమిషాల తర్వాత మాత్రమే వెళ్తే అది అప్పటికే జనం బిందెల్లోకి వెళ్లిపోయి ఉంటుంది, మన గొట్టంలో మంచి నీళ్లు కనిపిస్తాయి. సంపు నుంచో, మేడ మీది ట్యాంకు నుంచో వచ్చే కుళాయిలో కొలిస్తే ఆ ఇంటి ట్యాంకు శుభ్రత తెలుస్తుంది తప్ప లైను సంగతి తెలియదు. నేరుగా లైనుకు ఉన్న కుళాయే కావాలి.

కొలిచే పద్ధతిలోనూ ఒక పొరపాటు ఉంది. క్లోరోస్కోప్ (రంగును బట్టి క్లోరిన్ కొలిచే పరికరం) గొట్టంలో గీత వరకూ నీళ్లు పట్టి, ఆర్థోటాలిడిన్ అనే రసాయనం చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. ఆ రంగును పది సెకన్లలోపు చూడాలి. అప్పుడు కనిపించేదే స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్. గొట్టాన్ని పక్కన పెట్టి, వాల్వు తిప్పి, మాట్లాడి, పావుగంట తర్వాత చూస్తే రంగు ముదిరి ఉంటుంది. ఆ అదనపు రంగు అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్‌ది. దానికి క్రిముల్ని చంపే శక్తి చాలా తక్కువ. అంటే మురుగు కలిసినప్పుడే పసుపు ఆలస్యంగా ముదురుతుంది, ఆలస్యంగా చూసినవాడికి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. నీటిలో ఇనుము, మాంగనీసు, నైట్రైట్ ఉన్నా దొంగ పసుపు వస్తుంది. పైగా ఆర్థోటాలిడిన్ క్యాన్సర్ కారకమని అనుమానం ఉంది, రోజూ చేత్తో పట్టుకునే సిబ్బందికి అది మంచిది కాదు. దాని బదులు డీపీడీ అనే మరో రసాయనం మాత్ర వాడాలి. పది మిల్లీలీటర్ల నీటిలో ఒక మాత్ర నలిపి వేస్తే గులాబీ రంగు వస్తుంది, నిమిషంలోపు చదవాలి. రంగు ఎంత ముదిరితే క్లోరిన్ అంత ఎక్కువ. రెండు నగరాల్లోనూ ఆర్థోటాలిడిన్ సీసాలు ఎత్తేసి డీపీడీ ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

బ్లీచింగ్ పౌడరు లెక్క కూడా సరిచేయాలి. లక్ష లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ వేయాలంటే 200 గ్రాముల క్లోరిన్ కావాలి. కొత్త పౌడరులో 33 శాతం క్లోరిన్ ఉంటే 600 గ్రాములు సరిపోతుంది. 25 శాతమైతే 800 గ్రాములు. మూత తెరిచి, వేడికి, తేమకు వదిలేసిన సంచిలో అది 10 శాతానికి పడిపోయి ఉంటే 2 కిలోలు కావాలి. మే నెలలో రేకుల షెడ్డులో ఉంచిన సంచి గురించి వేరే చెప్పాలా? ‘ట్యాంకుకు కిలో’ అనే లెక్క ఒక నెలలో ఎక్కువ, ఇంకో నెలలో తక్కువ అయ్యేది ఇందుకే. సంచి తెరిచిన రోజు, ఆ తర్వాత వారానికోసారి బలం పరీక్షించి ఆ శాతం సంచి మీదే రాయాలి. పౌడరును ఎండుగా ట్యాంకులో గుమ్మరించకూడదు. బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, సున్నం అడుగున వదిలేసి పైతేట మాత్రమే పోయాలి. సున్నం లోపలికి పోతే క్లోరిన్ వదిలే డోసర్ గొట్టం మూసుకుపోతుంది, నీళ్లు తెల్లబడతాయి, జనం భయపడతారు.

జనం భయం గురించి ఒక మాట. ‘బ్లీచింగ్ వాసన వస్తోంది’ అని ఫిర్యాదు రాగానే మోతాదు తగ్గించేయడం ఎక్కువచోట్ల అలవాటు. ఆ వాసన చాలాసార్లు అమ్మోనియాతో కలిసిన క్లోరిన్‌ది, అంటే మురుగు జాడ కావచ్చు. తగ్గించే ముందు కొలవాలి. క్లోరిన్ వల్ల క్యాన్సర్ వస్తుందన్న ప్రచారమూ ఉంది. క్లోరిన్ సేంద్రియ పదార్థంతో కలిస్తే క్లోరోఫాం లాంటివి పుడతాయి, నిజమే. వాటికి ఐఎస్ 10500లోనే పరిమితులున్నాయి. క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. అయితే వాటిని తగ్గించడం కోసం క్రిమి సంహారంలో రాజీ పడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. వాటిని తగ్గించే దారి ముందుగా నీటిని బాగా తేర్చి, వడకట్టడం.

క్రిముల పరీక్ష అక్కర్లేదని మేం అనడం లేదు. దాన్ని సరిగా చేయాలి. ఏ 100 మిల్లీలీటర్ల నమూనాలోనూ, మలం కలిసిందని చూపే ఈ.కోలి అనే క్రిమి కనిపించకూడదన్నది ప్రమాణం. నమూనా పట్టే సీసాలో ముందుగానే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. లేకపోతే నీటిలోని క్లోరిన్ దారి పొడవునా సీసాలో క్రిములను చంపుతూనే ఉంటుంది, ల్యాబుకు చేరేసరికి మురుగు నీరు మంచినీరుగా మారిపోతుంది, ‘సురక్షితం’ అని కాగితం వస్తుంది. సీసా మూత లోపలి అంచు చేతికి తగలకూడదు. ఐస్ పెట్టెలో పెట్టి ఆరు గంటల్లో అందించాలి. జబ్బు బయటపడి, బ్లీచింగ్ దండిగా కలిపేసిన మర్నాడు పట్టిన నమూనాలో ఏమీ దొరకకపోతే నీళ్లలో తప్పు లేదని తేల్చేయకూడదు. దొంగ వెళ్లిపోయాక ఇల్లు సోదా చేసినట్టే అది. నమూనాతో పాటు ఆ క్షణాన క్లోరిన్ ఎంతుందో కూడా సీసా చీటీ మీద రాస్తే ఈ మోసం చాలావరకు పోతుంది.

ఇక జబ్బు లెక్క. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద అతిసారం కేసులు నమోదవుతున్నాయి. మన వార్డు సచివాలయంలో నీటి సంగతి చూసే ఎమెనిటీస్ (సౌకర్యాల) కార్యదర్శి, విరేచనాల కేసులు రాసే ఆరోగ్య కార్యదర్శి ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద కూర్చుంటారు. ఒకరి అంకె ఇంజినీరింగ్ విభాగానికి పైకి పోతుంది, ఇంకొకరిది వైద్య ఆరోగ్యశాఖకు పైకి పోతుంది. రెండూ కలిసేది జనం ఆసుపత్రుల్లో పడ్డాక జరిగే సమీక్షలోనే. ఆ రెండు బల్లల మధ్య రోజూ ఒక కాగితం మారాలి. మా ఉత్తరంలో ఒక్క మాటే అమలు చేస్తామంటే ఇదే చేయమంటాం.

ఆ కాగితం మీద కేసులను డోర్ నంబరుతో పాటు వాల్వు నంబరుతో రాయాలి. వార్డు హద్దు ఓటర్ల జాబితా కోసం గీసింది. ఒకే వాల్వు రెండు వార్డులకు నీళ్లు ఇస్తుంది. ఈ వార్డులో రెండు కేసులు, ఆ వార్డులో మూడు కేసులు అంటే ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు; ఒకే వాల్వు కింద ఒకే రోజు అయిదు కేసులంటే వెంటనే పరిగెత్తాలి. ఏ వాల్వు ఏ సందుకు వెళ్తుందో నీళ్లు వదిలే కార్మికుడికి కంఠతా వచ్చు. అతను రిటైరైతే ఆ పటం అతనితోనే పోతుంది. ముందు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని కాగితం మీదికి ఎక్కించాలి.

పటం గీసి జబ్బు మూలం పట్టుకోవడం కొత్త విద్య కాదు. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా చావులను వీధి పటం మీద గుర్తుపెట్టి, బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ అవి మూగి ఉన్నాయని చూపించాడు. అతను చెప్పిన మీదట అధికారులు ఆ పంపు పిడి అప్పటికే తీయించారు. కలరాకు ఫలానా క్రిమి కారణమని రాబర్ట్ కాక్ కోల్‌కతాలో నిరూపించింది 1884లో, అంటే ముప్పై ఏళ్ల తర్వాత. పంపు పిడి తీయడానికి ఆ ముప్పై ఏళ్లు ఆగక్కర్లేకపోయింది. మన దగ్గర ఇప్పుడూ ‘కారణం ల్యాబులో నిర్ధారణ కావాలి’ అంటూ రెండు రోజులు అదే వాల్వు తెరుస్తుంటే ఆ రెండు రోజుల నీళ్లు ఎవరు తాగుతున్నట్టు?

కాబట్టి రెండు నగరపాలక సంస్థలూ ఈ రకమైన ఉత్తర్వు ఒకటి జారీ చేసి అమలు చేయాలని కోరుతున్నాం. చివరి కుళాయిలో క్లోరిన్ 0.2 కంటే తగ్గితే గంటలోపు మళ్లీ కొలవాలి. రెండోసారీ తగ్గితే అదే రోజు ఆ లైను వెంట నడిచి కాలువ దాటే ప్రతి కనెక్షన్‌నూ చూడాలి, తర్వాతి పూట సరఫరాలో మోతాదు పెంచాలి. క్లోరిన్ సున్నా అయి, అదే వాల్వు కింద 24 గంటల్లో రెండు ఇళ్ల నుంచి విరేచనాల కేసులొస్తే పై అధికారి సంతకం కోసం ఆగకుండా వాల్వు కట్టే అధికారం ఆ ప్రాంత ఇంజినీరుకు ఉండాలి. కట్టిన వెంటనే ట్యాంకరు రావాలి, లేకపోతే జనం చేతికందిన నీళ్లు తాగుతారు. ట్యాంకరు నింపేటప్పుడు 2 మిల్లీగ్రాములు, బిందెలో పడేటప్పుడు కనీసం 0.5 ఉండాలి, రెండూ కొలిచి డ్రైవరు దగ్గరి చీటీలో రాయాలి. ఇంటింటికీ అర గ్రాము క్లోరిన్ మాత్రలు ఇవ్వాలి. ఒక మాత్ర 20 లీటర్లకు, వేశాక అరగంట ఆగి తాగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్‌తో పాటు లీటరు కొలిచే సీసా చూపించి చెప్పాలి. గ్లాసులో ప్యాకెట్ మొత్తం కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం. జింకు మాత్ర ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగినా 14 రోజులు.

వాల్వు కట్టి, పైపు అతికి, వార్తలు తగ్గాక పని అయిపోయిందనుకుంటాం. అక్కడ ఆగకూడదు. టైఫాయిడ్ బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. హెపటైటిస్-ఇ అనే వైరస్ వల్ల వచ్చే కామెర్లకు రెండు నుంచి పది వారాలు. ఢిల్లీలో 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో జరిగింది దీనికి పెద్ద సాక్ష్యం. వరద తర్వాత యమున దారి మారి, నజఫ్‌గఢ్ కాలువ మురుగు వజీరాబాద్ పంపింగ్ కేంద్రం నీళ్లలో కలిసింది. క్లోరిన్ మోతాదు పెంచారు. టైఫాయిడ్, జిగట విరేచనాలు పెరగలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నాక, వారాల తర్వాత, 29,000 మందికి పైగా కామెర్లు వచ్చాయి. నెలలు నిండుతున్న గర్భిణులకు ఈ కామెర్లు వస్తే ప్రతి నలుగురైదుగురిలో ఒకరు చనిపోయే ప్రమాదం ఉంది. అందుకని మురుగు కలిసినట్టు తేలిన ప్రతి వాల్వు కింద ఉన్న గర్భిణుల పేర్లు ఆరోగ్య కార్యదర్శి, ఆశా కార్యకర్త ఆ రోజే రాసుకోవాలి. పది వారాలపాటు వారిని వారానికోసారి చూడాలి, మరిగించి చల్లార్చిన నీళ్లే తాగేలా చెప్పాలి. అతిసారం తగ్గిందని వైద్య శిబిరం ఎత్తేసే రోజున ఈ జాబితా మొదలైందా లేదా అని అడిగేవాళ్లు కావాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల వేల సంపులు మురుగుతో నిండాయి. అలాంటి సంపులో నాలుగు చెంచాల బ్లీచింగ్ వేసి నీళ్లు నింపుకుంటే చాలదు. మొత్తం తోడేసి, గోడలు బ్రష్‌తో రుద్ది కడిగి, నిండా మంచి నీళ్లు పట్టి, వెయ్యి లీటర్లకు 200 గ్రాముల చొప్పున 25 శాతం బ్లీచింగ్ పౌడరు పైతేట కలపాలి. అంటే 5,000 లీటర్ల సంపుకు కిలో. ఒక రోజంతా ఉంచి, ఆ నీళ్లు తాగకుండా వదిలేసి, మళ్లీ కడిగి అప్పుడు వాడుకోవాలి. మనిషి సంపులోకి దిగే ముందు మూత తీసి చాలాసేపు గాలాడనివ్వాలి. పైన ఇంకొకరు ఉండకుండా దిగకూడదు. ఈ లెక్క వరద రోజున వెతుక్కునేది కాదు, వేసవిలోనే కరపత్రంగా ఇళ్లకు చేరాలి.

20 లీటర్ల క్యాన్ల నీళ్లు తాగుతున్నాం గనుక మాకు బాధ లేదనుకునేవారికి కూడా ఒక సంగతి. ఆర్‌ఓ యంత్రం దాటిన నీటిలో మిగులు క్లోరిన్ ఉండదు. క్యాన్ సరిగా కడగకపోయినా, గ్లాసు ముంచి తీసినా కాపాడేది ఏదీ అందులో లేదు. అదే ఇంట్లో అంట్లు తోమేది, కూరగాయలు కడిగేది, పిల్లలు పళ్లు తోముకునేది కుళాయి నీళ్లతోనే.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ నీటిమట్టాలు రోజూ వేస్తారు. రైతులు పొద్దున్నే ముందు అదే చూస్తారు. ఆ పక్కనే విజయవాడ, గుంటూరు నగరాల చివరి కుళాయిల క్లోరిన్ అంకెలు నగరపాలక సంస్థల నుంచి తీసుకుని వేయండి. పేట పేరు, వాల్వు నంబరు, కొలిచిన సమయం, అంకె. నాలుగు గళ్లు చాలు. కొలవని రోజు ఆ గడిలో ‘కొలవలేదు’ అనే వేయండి.

ఇట్లు,
తాగునీటి సరఫరా, ప్రజారోగ్య రంగాలకు చెందిన కొందరు పాఠకులు,
గుంటూరు, విజయవాడ